పాట నోటికి రాని ఆదివారం

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మా తాతల కాలం నుంచీ క్రైస్తవులం. ఏడాది క్రితం మా అమ్మ ప్రభువు నందు నిద్రించింది. ఆ తర్వాత మా వారి ఎరువుల కొట్టు మూతపడి ఆరు లక్షల అప్పు మిగిలింది. శుక్రవారం ఉపవాసం ఉంటున్నాను, దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) తప్పడం లేదు, తెల్లవారుజామున లేచి ప్రార్థిస్తున్నాను. అయినా లోపల సంతోషం అన్నదే లేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. అన్నం గడ్డి తిన్నట్టుంది. పిల్లలు పడుకున్నాక, చప్పుడు వినపడకుండా బాత్రూంలో పంపు తిప్పి ఏడుస్తున్నాను. సంఘంలో ఒకామె ‘ప్రభువులో ఉన్నవాళ్లకు ఏడుపేంటి? ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది’ అంది. టీవీలో ప్రసంగం విని, మా వారికి చెప్పకుండా రెండు గాజులు తాకట్టు పెట్టి 25 వేలు విత్తన కానుకగా, అంటే విత్తితే దేవుడు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడన్న ఆశతో, పంపాను. ఏమీ మారలేదు. వచ్చే నెల స్త్రీల కూటమిలో దేవుడు నాకు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటున్నారు. నిజమైన సంతోషం క్రీస్తులోనే ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మరి నాకెందుకు దొరకడం లేదు? నా విశ్వాసంలో లోపమా?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఏడుస్తున్నందుకు కాదు, ఆ ఏడుపును నీళ్ల చప్పుడు చాటున దాచుకోవాల్సి వస్తున్నందుకు నాకు ఎక్కువ బాధ వేసింది. మీ ప్రశ్నకు ముందే సూటిగా చెబుతాను. మీ విశ్వాసంలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. ఇంత బరువు మోస్తూ కూడా తెల్లవారుజామున లేచి దేవుడితో మాట్లాడుతున్నారే, అది విశ్వాసం కాక మరేమిటి?

ఇక ఆ ‘ఏడుపేంటి’ అన్న మాట. ఆమె చెడు ఉద్దేశంతో అని ఉండకపోవచ్చు. కానీ ఆ మాట బైబిలుకు సరిపోదు. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని 13వ కీర్తన మొదలవుతుంది. ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?’ అని 42వ కీర్తన అడుగుతుంది. ఇవి అవిశ్వాసులు రాసుకున్నవి కావు, ఆరాధనలో పాడుకోవడానికి ఇచ్చినవి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో అతణ్ని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. మరి అమ్మను మట్టికి అప్పగించి ఏడాదే అయిన మీరు ఏడవకూడదా?

‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని పౌలు అన్నాడు కదా అంటారేమో. అన్నాడు, అదీ చెరసాలలో ఉండి. ఈ వచనాన్ని గోడల మీద క్యాలెండర్లలో చూసీ చూసీ, ఫిలిప్పీయులకు పౌలు రాసిన ఆ పత్రికలో (ఉత్తరంలో) మిగతా మాటలు మనకు గుర్తుండవు. అందులోనే రెండో అధ్యాయంలో, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చిన సంగతి చెబుతూ, ‘నాకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై’ దేవుడు కనికరించాడని రాశాడు. ఆనందించండి అన్న మనిషే తనకు అప్పటికే ఒక దుఃఖం ఉందని దాచుకోకుండా చెప్పుకున్నాడు. నాలుగో అధ్యాయంలో, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం ‘నేర్చుకొనియున్నాను’ అన్నాడు. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీరు పిల్లలకు ఎక్కాలు నేర్పే మనిషి, ఇది మీకు వేరే చెప్పనక్కర్లేదు. క్రైస్తవ సంతోషం అంటే మొహాన ఎప్పుడూ చెరగని నవ్వు కాదు. ఏడుస్తున్నప్పుడు కూడా నన్ను వదిలిపెట్టని వాడొకడు ఉన్నాడన్న ధైర్యం అది. అది మీలో లేకపోతే ఆ తెల్లవారుజామున మీరు ఎవరితో మాట్లాడుతున్నట్టు?

నా సంగతి ఒకటి చెబుతాను. మా నాన్నగారు పోయిన తర్వాత ఐదారు నెలలు గుడిలో నా నోటికి పాట రాలేదు. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని, గొంతు పూడుకుపోయేది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు, అందరం మామ్మగారు అనేవాళ్లం. ఒక ఆదివారం వచ్చి నా పక్కన కూర్చున్నారు. ‘ప్రార్థన చేసుకో అమ్మా’ అని కూడా అనలేదు. నా చేతిలో పుస్తకం అటు కొస పట్టుకుని, వేలితో ఒక్కో లైను చూపిస్తూ తను పాడారు. అరిగిపోయిన గోరు, పసుపు మరకలు ఉన్న ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆరాధన అయ్యాక స్టీలు క్యారియర్ ఒకటి నా చేతిలో పెట్టారు. అన్నం, పప్పుచారు, పైగిన్నెలో గోంగూర. తర్వాత చాలా ఆదివారాలు అలాగే నా తరఫున ఆవిడే పాడారు. ‘ఏడ్చువారితో ఏడువుడి’ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మీ సంఘంలో కూడా అలాంటి మామ్మగారు ఒకరు తప్పకుండా ఉంటారు, గట్టిగా మాట్లాడేవాళ్ల మధ్య కనపడరు అంతే. వెతకండి. మీ వైపు వేలు చూపించినామెతో ఈ విషయాలు ఇక మాట్లాడకండి.

ఇప్పుడు నాకు కాస్త టెన్షన్ కలిగించిన విషయం. మూడింటికి మెలకువ, అన్నం రుచి తెలియకపోవడం, రోజూ ఏడుపు. ఇవి నెలల తరబడి ఉంటే అది దుఃఖం ఒక్కటే కాకపోవచ్చు, డిప్రెషన్ అయి ఉండవచ్చు. అది జబ్బు. షుగరు, బీపీ లాగే దానికీ వైద్యం ఉంది. మీ వయసులో థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుంది. కాబట్టి ముందు ఆ రక్త పరీక్షలు చేయించుకోండి. తర్వాత జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. మందు రాస్తే రెండు రోజుల్లో గుణం కనపడలేదని మానేయకండి, సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఆసుపత్రికి వెళ్లేలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా బతకాలని లేదు అనే ఆలోచన వస్తే మాత్రం ఆలస్యం చేయకండి, వెంటనే మీ వారిని నిద్ర లేపండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టా అని మీకు సందేహం రావచ్చు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని ‘నా ప్రాణము తీసికొనుము’ అన్నప్పుడు దేవుడు ఏం చేశాడో మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఈ రాత్రి చదవండి. తిట్టలేదు, ఏ పాపం చేశావని ఆరా తీయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. మాటలన్నీ ఆ తర్వాతే. మీకు కూడా ఇప్పుడు నిద్ర, తిండి, వైద్యం ముందు. మీ ఒంటికి శక్తి వచ్చేదాకా శుక్రవారం ఉపవాసం ఆపేయండి. దేవుడు నొచ్చుకోడు.

గాజుల సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. అప్పుల్లో ఉన్న ఇంటి ఆడవాళ్ల చేత బంగారం తాకట్టు పెట్టించి, ఇంత పంపితే ఇంత దీవెన అని చెప్పడం సువార్త కాదు. ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ ఇవ్వమన్నాడు పౌలు. భయంతో ఇచ్చింది కానుక ఎలా అవుతుంది?

మీది ఒంగోలు ప్రాంతం కాబట్టి మీకు తెలిసిన కథే గుర్తు చేస్తాను. 1876–78 నాటి మహా కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. కరువు సాయం అందుతున్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం ఎవరూ దేవుడి దగ్గరికి రాకూడదని. సాయం ఆగాక వచ్చినవాళ్లకే ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మీ ముత్తాత ముత్తవ్వలు ఆ నీళ్లలో దిగారో లేదో నాకు తెలియదు కానీ, మీ ప్రాంతపు విశ్వాసం బేరం మీద మొదలైంది కాదు. తిండీ పనీ ముందు ఇచ్చారు, బదులు ఏమీ అడగలేదు. మీరు మాత్రం దేవుడికి ఇంకా ఏదో బాకీ ఉన్నట్టు బతుకుతున్నారు. ఉపవాసానికి ఇంత, కానుకకు ఇంత అని సంతోషాన్ని జీతంలా ఎదురుచూస్తున్నారు. అది రాకపోయేసరికి తప్పు మీదేనని కుమిలిపోతున్నారు. మీ అమ్మగారు మీకు అన్నం పెట్టి ఎప్పుడైనా లెక్క రాసుకున్నారా?

తాకట్టు విషయం మీ వారికి చెప్పేయండి. అప్పుల వాళ్లు వచ్చిపోయిన రోజున వద్దు. ఒక సాయంత్రం పిల్లలు ట్యూషన్‌కి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ‘భయపడి ఒక పని చేశాను, మీకు చెప్పకపోవడం తప్పు’ అనండి చాలు. కోప్పడతారు. పడనివ్వండి. కొట్టు పోయిన మగవాడు కూడా లోపల ఏడుస్తూనే ఉంటాడు, కాకపోతే ఆయన ఏ పంపూ తిప్పలేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద ఆరు లక్షలూ ఎవరికెంత, వడ్డీ ఎంత అని రాయండి. అధిక వడ్డీ ఉన్నది ముందు తీర్చే దారి చూడండి. గాజుల రసీదు కూడా ఆ కాగితంతోనే పెట్టండి.

ఇక సాక్ష్యం. చెప్పాలని లేకపోతే ‘ఇప్పుడు కాదు పాస్టరమ్మ గారూ, ఒంట్లో బాగాలేదు’ అనేయండి, అది నిజమే కదా. చెప్పాలనిపిస్తే నవ్వు తెచ్చిపెట్టుకోకండి. 13వ కీర్తన తీసుకెళ్లండి, ఆరు వచనాలే. మొదటి మాట నుంచి చదివి, ‘నేను ఇప్పుడు రెండో వచనం దగ్గర ఉన్నాను, నా కోసం ప్రార్థన చేయండి’ అని చెప్పి కూర్చోండి. ఆ గదిలో పంపు తిప్పి ఏడ్చేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో మీకు ఆరోజు తెలుస్తుంది.