కాలేజీ చదువుకు సాయం: ఏది ముందు అడగాలి

చి. అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

సర్కారు సాయాలన్నీ కలిపి రావు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారుతుంది. అందుకే ముందే లెక్క చూసుకోవాలి.

ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపైతే, కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకు ఆంధ్ర సర్కారు పోర్టల్ జ్ఞానభూమి ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. 2021లో తల్లుల ఖాతాలో వేసేవారు, ఇప్పుడు నేరుగా కాలేజీకే. బస్సు ఫీజు అందులో ఉండదు. హాజరు 75 శాతం ఉండాలి. డబ్బు ఆలస్యమైందని కాలేజీవాళ్లు ముందు కట్టమంటే రసీదు లేకుండా రూపాయి ఇవ్వకు.

ఇంటర్‌లో మీ బోర్డు పై 20 శాతంలో ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపైతే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఏడాదికి 12,000 ఇస్తుంది. రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు. విజయనగరంలోనో టెక్కలిలోనో ఇంజనీరింగ్ చేరితే రీయింబర్స్‌మెంటే మేలు. శ్రీకాకుళం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు కొద్దే కాబట్టి అక్కడ రెండూ తూచి చూడు. ఇంజనీరింగ్, డిప్లొమా మొదటి ఏడాది ఆడపిల్లలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 ఇస్తుంది, ఆదాయం 8 లక్షల దాకా. ఆ ఫారంలోనూ వేరే స్కాలర్‌షిప్ సంగతి అడుగుతారు, దాచకు.

ఎక్కువమందికి తేడా కొట్టేది మాత్రం బ్యాంకు దగ్గరే. ఆధార్ జిరాక్స్ ఇచ్చేస్తే సరిపోదు. 'ఎన్‌పీసీఐకి సీడింగ్ అయిందా?' అని అడగాలి. అంటే బ్యాంకుల మధ్య డబ్బు నడిపే ఆ సంస్థ దగ్గర నీ ఆధార్‌ను ఈ ఖాతాకు ముడివేశారా అని. నేరుగా ఖాతాకొచ్చే సాయం ఆఖరున సీడింగ్ చేసిన ఖాతాకే పోతుంది, నువ్వు ఫారంలో రాసినదానికి కాదు. చిన్నప్పటి మైనర్ ఖాతా అయితే 18 నిండాక కొత్తగా కేవైసీ ఇవ్వాలి, లేకపోతే బిగిసిపోతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఆధార్‌నే దిద్దించు. మెమో మార్పించడం మహా తలనొప్పి. ఇదంతా ఫారం పెట్టకముందే కానియ్యి.

లోను ఆఖరి మాట. విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టాలి. కోర్సు అయ్యాక ఏడాది వరకు కిస్తీ ఉండదు గానీ వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. లక్షకు 10 శాతమంటే ఏడాదికి 10,000. వీలైతే చదువుతుండగానే ఆ వడ్డీ కట్టెయ్యండి. మీ నాన్న పొలం పాస్‌బుక్కు బ్యాంకుకు పట్టుకెళ్తానంటే మాత్రం ఆపు. 7.5 లక్షల లోపు లోనుకు తాకట్టు అక్కర్లేదు.

మీ పెదనాన్న