నీ చేత మాట్లాడించే మనిషిని వెతుక్కో, అల్లుడూ

కొత్తగూడెం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి శ్రీకాంత్‌కి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశావు. డాక్టరుగారు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ తెలిసిన వాళ్లతో మాట్లాడమన్నారని, ఆన్‌లైన్‌లో వెతికితే బోలెడు పేర్లు వస్తున్నాయని, ఎవర్ని నమ్మాలో అర్థం కావట్లేదని చెప్పావు. నా పక్కన మీ అత్తయ్య నిద్రపోతోంది. నీ గొంతును బట్టి నువ్వూ బాల్కనీలో నిలబడి మెల్లగా మాట్లాడుతున్నావనిపించింది. ఆ టైంలో చెప్పిన నాలుగు ముక్కలూ చాలవని పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని రాస్తున్నాను. మందు మానెయ్ అని ఈ ఉత్తరంలో ఎక్కడా రాయను. ఆ మాట నీకు చెప్పని చుట్టం లేడు.

ఒక పని మాత్రం అన్నిటికంటే ముందు చెయ్యాలి. రోజూ తాగుతున్నానన్నావు, పొద్దున లేచేసరికి చేతులు వణుకుతున్నాయని కూడా అన్నావు. అలాంటప్పుడు ఎవరి మీదో కోపంతోనో పట్టుదలతోనో ఒక్కసారిగా ఆపెయ్యకు. మందుకి అలవాటు పడ్డ ఒంటికి అది హఠాత్తుగా అందకపోతే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మనిషి అయోమయంలో పడి లేనివి కనిపిస్తున్నాయనవచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. సైకియాట్రిస్టుకి నేరుగా చూపించుకుని, ఆయన రాసిచ్చే మందులతో ఆపాలి. వీడియో కాల్‌లో మాట్లాడేవాళ్లు ఎంత మంచివాళ్లైనా నీ బీపీ చూడలేరు. ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, ఎంత తాగుతున్నావో లెక్క తగ్గించకుండా చెప్పు. హాఫ్ తాగుతూ క్వార్టరని చెబితే ఆయన క్వార్టరుకి తగ్గ మందే రాస్తాడు.

ఇక మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే ఆ పేరు సంగతి. మన దగ్గర మోటివేషనల్ అని వెతికితే స్టేజీ మీద చేతులూపుతూ మాట్లాడేవాళ్లు వస్తారు. ఇంటర్వ్యూ అంటే ఉద్యోగం గుర్తొస్తుంది. ఇది రెండూ కాదు. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు నార్వేలో కొన్నాళ్లున్నప్పుడు, తాగేవాళ్లతో తను ఎలా మాట్లాడతాడో అక్కడి కుర్ర సైకాలజిస్టులకి చేసి చూపించేవాడు. వాళ్లు మధ్యమధ్యలో ఆపి, ఆ ప్రశ్నే ఎందుకడిగారు, ఈ మాట ఎందుకన్నారు అని నిలదీసేవాళ్లు. వాళ్లకి జవాబు చెప్పే క్రమంలో తను చేస్తున్న పనేమిటో ఆయనకే తేటపడింది. 1983లో దాన్ని వ్యాసంగా రాశాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో పుట్టి వేల్స్‌లో పనిచేసిన స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం తెచ్చాడు.

అసలు విషయం చాలా మామూలుది. తాగేవాడి మనసులో మానేద్దామనే మాటా ఉంటుంది, ఈ ఒక్కరోజు చాలు అనే మాటా ఉంటుంది. బయటివాడు వచ్చి మానెయ్ అని వాదించడం మొదలుపెడితే మనకి మిగిలేది రెండో పక్షమే. అప్పుడు మనమే తాగుడు తరఫు లాయరులా మాట్లాడతాం, మాట్లాడి మాట్లాడి మన మాటలు మనమే నమ్ముతాం. ఈ పద్ధతి తెలిసినవాళ్లు వాదనలోకి దిగరు. మొదటి పక్షం మాట మన నోటి నుంచే వచ్చేలా అడుగుతారు.

నా సంగతి నీకు సగమే తెలుసు. 2021లో మీ బావ పోరు పడలేక ఒక యాప్‌లో డబ్బు కట్టి ఒకాయనతో మాట్లాడాను. నలభై ఐదు నిమిషాల్లో నలభై ఆయనే మాట్లాడాడు. స్క్రీన్ మీద లివర్ బొమ్మలు చూపించాడు. సింగరేణిలో అంత కష్టపడి సంపాదించి ఇలా పోస్తారా అన్నాడు. అన్నిటికీ అవునండీ అన్నాను. ఆ సాయంత్రం మామూలు కంటే ఒక పెగ్గు ఎక్కువే తాగాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, అల్లుడూ. అవన్నీ నాకు ముందే తెలుసు.

రెండు నెలల తర్వాత ఇంకొకావిడ దొరికింది. క్లినికల్ సైకాలజిస్టు, విజయవాడ నుంచి మాట్లాడేది, మన సుమ వయసుంటుంది. పలకరింపులయ్యాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "సాయంత్రం రెండు పెగ్గులు పడితే మీకు ఏం బాగుంటుందండీ?" నన్ను అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. మోకాళ్ల నొప్పి మర్చిపోతానని, షిఫ్టు దిగాక నలుగురం కూర్చునే అలవాటని, ఇప్పుడు ఆ నలుగురిలో ఇద్దరు లేరని చెప్పుకుంటూ పోయాను. ఆమె విని, "షిఫ్టు అయిపోయింది గానీ షిఫ్టు దిగడం ఇంకా అవ్వలేదు" అంది. ప్రశ్న కాదది. నా మాటే నాకు తిరిగి వినిపించింది, కొంచెం లోతుగా.

తర్వాత, సున్నా నుంచి పది వరకూ వేసుకుంటే మానడం మీకు ఎంత ముఖ్యం అని అడిగింది. నాలుగన్నాను. నాలుగేనా అంటుందని కాచుకుని ఉన్నాను. "నాలుగన్నారు. ఒకటో రెండో ఎందుకు కాలేదు?" అంది. జవాబు వెంటనే రాలేదు. చాలాసేపటికి, వంటింటి లైటు వల్ల, అన్నాను.

మా పాత క్వార్టరు నీకు గుర్తుండే ఉంటుంది, వీధి మలుపు తిరగ్గానే వంటింటి కిటికీ కనిపించేది. నేను ఎంత రాత్రి వచ్చినా ఆ లైటు వెలుగుతూనే ఉండేది. గేటు గడియ వేసిన చప్పుడు విన్నాకే మీ అత్తయ్య దాన్ని ఆర్పేది. నేను లోపలికి వచ్చేసరికి నిద్రపోతున్నట్టు పడుకుని ఉండేది. ముప్ఫై ఏళ్లు ఆ లైటు చూశాను. దాని గురించి నోరు తెరిచి చెప్పడం ఆ రోజే. ఆ సైకాలజిస్టు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు ఇల్లు చేరేదాకా ఆవిడ పడుకోరు" అంది, అంతే. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ఆ ప్రశ్నని బాగా చూడు. పది ఎందుకు కాదు అని అడిగి ఉంటే, మానలేకపోవడానికి నా దగ్గరున్న కారణాలన్నీ ఏకరువు పెట్టేవాణ్ని. కింది అంకెతో పోల్చి అడిగేసరికి మానడానికున్న కారణం వచ్చింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, పద్ధతి తెలిసినవాళ్లని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఇదే. ఆ రోజుతో నేను మానేశానని అనుకోకు. మరో నాలుగు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగాను. తాగినట్టు ఆమెకి చెప్పుకోగలిగాను, అది నాకు ముఖ్యం.

ఇక నువ్వు ఎలా వెతకాలంటే, ముందు చదువు చూడు. క్లినికల్ సైకాలజిస్టులకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, దానికి ఒక నంబరుంటుంది. అడుగు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకో. సైకియాట్రిస్టైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఉత్త కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం మన దగ్గర ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. కౌన్సెలర్లలో మంచివాళ్లు లేరని కాదు, వాళ్లు ఎక్కడ చదివారో, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారో ఇంకొంచెం గట్టిగా కనుక్కోవాలి.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌కి విడిగా లైసెన్సంటూ లేదు. మింట్ అని 1997 నుంచి ఒక అంతర్జాతీయ సంఘం ఉంది, అది ఈ పద్ధతి నేర్పే శిక్షకులది. చికిత్స చేసేవాళ్లకి అది సర్టిఫికెట్లు ఇవ్వదు. కాబట్టి ఎవరైనా మింట్ సర్టిఫైడ్ థెరపిస్టునని రాసుకుంటే దాని అర్థమేమిటో అడుగు. వాళ్ల వెబ్‌సైట్‌లో దేశాలవారీగా శిక్షకుల పేర్లుంటాయి. ఇండియాలో ఉన్నవాళ్లకి మెయిల్ పెట్టి, మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే పోయేదేమీ లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో వ్యసనాల చికిత్సకి ప్రత్యేక విభాగముంది, అక్కడ శిక్షణ పొందినవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

బుక్ చేసే ముందు పది నిమిషాలు ఫోన్లో మాట్లాడటానికి ఒప్పుకుంటారా అని అడుగు. ఒప్పుకుంటే, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు, నేర్చుకున్నాక మీ సెషన్ల రికార్డింగు విని తప్పొప్పులు చెప్పినవాళ్లు ఉన్నారా అని అడుగు. రెండు రోజుల వర్క్‌షాపుతో ఇది పట్టుబడదు, ఎవరో ఒకరు విని సరిదిద్దాలి. నిజంగా నేర్చుకున్నవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. ఇంకొక్కటి అడుగు, మధ్యలో నేను మళ్లీ తాగితే ఏం చేస్తారు? అలాగైతే మానేసి రండి అనే మనిషి నీకొద్దు.

తెలుగులో మాట్లాడేవాళ్లనే చూసుకో. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతావు, నాకు తెలుసు. కానీ మానాలనీ ఉంది, మానబుద్ధీ కావట్లేదు అనే మాట నువ్వు చిన్నప్పుడు ఏడ్చిన భాషలోనే సరిగ్గా వస్తుంది. సుమ డాలస్ నుంచి అక్కడి తెలుగు థెరపిస్టు పేరు పంపిందన్నావు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, చికిత్స తీసుకునే మనిషి ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నాడో అక్కడ థెరపిస్టుకి లైసెన్సు ఉండాలి. హైదరాబాదులో ఉన్న నీకు రాత్రికి రాత్రి ఏదైనా అయితే అక్కడి మనిషి ఏం చెయ్యగలదు? సుమకి థాంక్స్ చెప్పి ఇక్కడివాళ్లనే చూసుకో.

పది సెషన్లు, ఇరవై సెషన్ల ప్యాకేజీ ముందే కొనకు. 1990లలో అమెరికాలో ప్రాజెక్ట్ మ్యాచ్ అని 1,726 మందితో పెద్ద పరిశోధన చేశారు. ఈ పద్ధతి మీద ఆధారపడిన చికిత్స అందులో 4 సెషన్లే. పక్కన పోల్చిన మిగతా రెండు చికిత్సలు 12 వారాలు, వారానికొకటి. తర్వాత చూస్తే ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి ఒక్కో సెషనుకి డబ్బు కట్టు, నాలుగయ్యాక ఆగి ఆలోచించు. ఇప్పుడు డబ్బుకి ఇబ్బందిగా ఉంటే 14416కి చెయ్యి, ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, 2022 అక్టోబరులో మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మత్తు అలవాట్ల కోసమే అయితే 14446 ఉంది. బతకాలనిపించట్లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా, థెరపిస్టు టైం కోసం చూడకుండా ముందు 14416కి చెయ్యి, తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మొదటి సెషన్ అయ్యాక ఒక కాగితం మీద రాసుకో, ఎవరు ఎక్కువ మాట్లాడారు? నువ్వైతే మంచిది. అడిగినవన్నీ అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలేనా? ప్రశ్న మీద ప్రశ్న వేసి పోలీసు విచారణలా చేశారా? చెయ్యి తిరిగినవాళ్లు ఒక ప్రశ్న అడిగితే, నీ మాట నీకు వినిపించడం రెండుసార్లైనా చేస్తారు. ఏదైనా సలహా ఇచ్చే ముందు, చెప్పమంటారా అని అడుగుతారు. ఫోన్ పెట్టేశాక నీకు తిట్లు తిన్నట్టుందా, నీ సంగతి నువ్వు కొత్తగా విన్నట్టుందా? రెండు సెషన్లయ్యాక కూడా తిట్లు తిన్నట్టే ఉంటే మొహమాటపడకుండా మార్చెయ్యి. డాక్టర్ని మార్చినట్టే ఇదీ.

మీ రెండు గదుల ఇంట్లో మాట్లాడటానికి చోటెక్కడ అనుకుంటున్నావేమో. నేను డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకునేవాణ్ని. నువ్వు అపార్ట్‌మెంటు పార్కింగులో కారులో కూర్చో, బండి నడపకుండా. ఇయర్‌ఫోన్లు పెట్టుకో. పొద్దున పూటే టైం తీసుకో, తాగాక మాట్లాడిందేదీ మర్నాటికి నిలవదు. అత్యవసరానికి ఒక మనిషి నంబరు అడుగుతారు, అడగకపోతేనే అనుమానించాలి. నా నంబరు ఇవ్వు.

చివరగా మీ అమ్మ సంగతి. ఎవరో చెప్పారట, అన్నంలో తెలియకుండా కలిపే మాత్రలున్నాయని. నిన్న దాని గురించి అడిగింది. గట్టిగా వద్దన్నాను. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర తెలియకుండా వేసి, ఆ పైన మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. డాక్టరు చెప్పి, నువ్వు ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది. మీ అమ్మ భయంతో అడిగింది, దాని మీద కోపం పెట్టుకోకు. నీ తరఫున అపాయింట్‌మెంటు తీసుకుంటానని కూడా అంది. అదీ వద్దన్నాను. ఆ ఫోన్ నువ్వే చెయ్యాలి.

వచ్చే ఆదివారం నేను ఫోన్ చెయ్యను. మాట్లాడావా, ఏమన్నారు అని అడగాలనే ఉంటుంది, అయినా చెయ్యను. చెప్పాలనిపించిన రోజు నువ్వే చెయ్యి. స్వాతిని అడిగానని చెప్పు.

మీ మామయ్య