పాత వారంటు తనంతట తాను రద్దు కాదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 2018లో ఊళ్ళో జరిగిన గొడవలో మా అబ్బాయి మీద పాత ఐపీసీ (శిక్షాస్మృతి) 341 (దారి అడ్డగించడం), 323 (కొట్టి గాయపరచడం) సెక్షన్ల కింద కేసైంది. తర్వాత కోచింగ్ కోసం హైదరాబాదు వెళ్ళి వాయిదాలకు పోలేదు. 2019లో కోర్టు నాన్ బెయిలబుల్ వారంటు ఇచ్చింది. మూడేళ్ళు దాటితే వారంటు చెల్లదని ఊళ్ళో అంటున్నారు. ఇప్పుడు గ్రూప్ పరీక్షలు రాయవచ్చా?

జవాబు: మూడేళ్ళ మాట చట్టంలో ఉన్నదే గానీ, అది వారంటు గురించి చెప్పినది కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్ ప్రకారం జరిమానాతో పోయే నేరాలకు 6 నెలలు, ఏడాది వరకు జైలు శిక్ష ఉన్నవాటికి 1 సంవత్సరం, అంతకు మించి మూడేళ్ళ వరకు ఉన్నవాటికి 3 సంవత్సరాలు గడువు. ఆ గడువు దాటాక వచ్చిన కేసును కోర్టు విచారణకు తీసుకోకూడదన్నదే దాని అర్థం. మీ అబ్బాయి కేసును కోర్టు అప్పుడే స్వీకరించి వాయిదాలు వేసింది కాబట్టి, ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆ లెక్క మీకు అక్కరకు రాదు. వారంటు సంగతి అదే చట్టంలోని 70వ సెక్షన్‌లో వేరుగా ఉంది: జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలు జరిగేదాకా అది అమలులోనే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది.

పోలీసులు ఇంటికి రాలేదన్న ధైర్యంతో ఉండిపోవడం నాకు చాలా ఆందోళన కలిగిస్తోంది, ఎందుకంటే ఇలాంటి వారంటు తరచుగా బయటపడేది ఉద్యోగం వచ్చాక జరిగే పోలీసు వెరిఫికేషన్‌లోనే. పాస్‌పోర్టుకూ ఇది అడ్డే.

కాబట్టి ముందుగా వకీలును కలిసి, అబ్బాయి స్వయంగా ఆ కోర్టులో హాజరై వారంటు రీకాల్ పిటిషన్ (వారంటును వెనక్కి తీసుకోమని కోరే అర్జీ) వేయాలి. తనంతట తాను వచ్చినవారి పట్ల కోర్టులు సాధారణంగా మెతకగానే ఉంటాయి. కొత్తగా జామీను అడగవచ్చు, ఖర్చులు కట్టమనవచ్చు, అరుదుగా రిమాండుకూ పంపవచ్చు. ఫీజు కట్టుకోలేని స్థితి ఉంటే న్యాయ సేవాధికార సంస్థ వారిని ఉచిత వకీలు కోసం అడగండి. ఈ రెండు సెక్షన్లూ బాధిత వ్యక్తి ఒప్పుకుంటే రాజీ పడదగినవే. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది నిర్దోషిగా విడుదలైనదానితో సమానమవుతుంది.

పరీక్షలకు దరఖాస్తు ఆపనక్కరలేదు. కానీ అటెస్టేషన్ ఫారంలో (అభ్యర్థి తన పూర్వాపరాలు రాసి ఇచ్చే పత్రం) కేసుల గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, చిన్న కేసును నిజాయితీగా తెలిపిన అభ్యర్థిని నియమించే విచక్షణ యాజమాన్యానికి ఉంటుంది. దాచినవారి నియామకాన్ని రద్దు చేసే అధికారమూ ఉంటుంది.

రీకాల్ ఉత్తర్వు వచ్చాక దాని సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఠాణా రికార్డులోనూ వారంటు తొలగించారో లేదో వకీలు ద్వారా కనుక్కోండి.