మూడో తాళంచెవి ఎవరిది?

అద్దె ఇల్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేం ఈ ఇంట్లో అద్దెకు దిగి ఏడాదైంది. అగ్రిమెంట్‌లో మా ఆయన, నేను, మా అత్తగారు, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఇంటాయన ఇచ్చింది రెండు తాళంచెవులు. ఇప్పుడు మా అమ్మాయికి పదిహేడొచ్చాయి, సాయంత్రం క్లాసుల నుంచి ఒక్కతే వస్తుంది. ఇంకో రెండు కావాలని అడిగితే "ఏ ఇంటికైనా రెండే ఇస్తాను. కావాలంటే మీ డబ్బుతో చేయించుకోండి, నాకు మాత్రం చెప్పి చేయించండి" అన్నారు. "నెలనెలా అద్దె కడుతూ తాళంచెవి కూడా మనమే కొనుక్కోవాలా?" అని మా ఆయన కోపం. ఇంత చిన్నదానికి గొడవెందుకని నా బాధ. పైగా తాళంచెవి మీద నకలు చేయరాదని ఇంగ్లీషులో చెక్కి ఉంది. అసలు చేసిస్తారా? (పేరు వేయొద్దన్న పాఠకురాలు)

జవాబు: మూడోదాని ఖర్చు మీ ఇంటాయనది. నాలుగోదానిది మీది. మీ ఆయన కోపంలో సగం న్యాయం ఉంది, మిగతా సగం వట్టి కోపమే.

ముగ్గురు పెద్దవాళ్ల పేర్లు రాసుకుని సంతకం పెట్టినాయనకి, ఆ ఇంట్లో ముగ్గురుంటారని తెలుసు. మరి మూడో మనిషి తలుపెలా తీసుకుంటుందనుకున్నారు? అత్తగారు కదా, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారులే అనుకుని ఉంటారు. ఆవిడకీ కాళ్లున్నాయి. అసలీ "రెండే" అన్న లెక్క ఎక్కడిదో తెలుసా? కొత్త తాళం డబ్బాలో రెండో మూడో చెవులొస్తాయి. ఓనరు ఒకటి అట్టిపెట్టుకుని మిగిలినవి చేతిలో పెడతారు. డబ్బాలో ఎన్నొస్తే ఇంట్లో అంతమందే ఉండాలంటే ఎలా?

నాలుగోది వేరే కథ. అమ్మాయి పెద్దదైంది, క్లాసులకి వెళ్తోంది. అవసరం మీ ఇంట్లో పుట్టింది, ఇంటాయన చేసిందేమీ లేదు. అది మీరు పెట్టుకోవాల్సిన ఖర్చే. రేపు పక్కింటివాళ్ల దగ్గర ఒకటి ఉంచుదామనుకుంటే ఆ ఐదోదీ మీదే.

ఇది నా లెక్క. చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, అద్దెకు తీసుకున్నవాళ్లు అడిగితే ఆస్తిని స్వాధీనం చేయాల్సిన బాధ్యత యజమానిదే అంటుంది. ఇంటి విషయంలో స్వాధీనమంటే తాళం చేతికి రావడమేగా. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, రిపేర్లలో ఎవరి వాటా ఏమిటో జాబితా వేసి, తలుపుల తాళాలు మార్చుకోవడాన్ని అద్దెదారు వైపు రాసింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. ఆ జాబితాలో అదనపు తాళంచెవుల ఊసే లేదు. కెనడాలోని ఒంటారియో వాళ్లు దీన్ని తేల్చి పడేశారు. అద్దెదారు అదనంగా అడిగిన తాళంచెవికి యజమాని డబ్బు తీసుకోవచ్చు, కానీ అసలు ఖర్చుకి మించి పైసా తీసుకోకూడదు. యజమాని తనంతట తాను తాళం మారిస్తే మాత్రం కొత్త చెవులకి డబ్బు అడగకూడదు. నాకు నచ్చిన మాట ఆ రెండోదే. ఇంటి తాళం మార్చాలని బుద్ధి పుట్టింది ఎవరికో వాళ్లే చెవులూ ఇవ్వాలి.

ఇక డబ్బు సంగతి పక్కనపెట్టి, నా చేతులు కాలిన కథ ఒకటి చెప్తాను. నేను పదిహేడేళ్లు అద్దె ఇళ్లలో ఉండి, ఆ తర్వాతే ఓనరు కుర్చీలో కూర్చున్నాను. కూర్చోగానే పాతవన్నీ మర్చిపోయాను. మొదటిసారి నా ఇంట్లో దిగిన కుర్రాడు, తమ్ముడు వస్తున్నాడు, మూడో చెవి కావాలన్నాడు. "రెండు చాలవా?" అన్నాను. అదే మాట మా పాత ఓనరు నాతో అంటే ఎంత మండిందో అప్పుడు గుర్తు రాలేదు. అతను మళ్లీ అడగలేదు. వెళ్లి చేయించుకున్నాడు. తమ్ముడి స్నేహితుడికి ఇంకోటి, బట్టలుతికే ఆవిడకి మరోటి. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? చెప్పినప్పుడు నేనేమన్నానో చూశాడుగా.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. తాళంచెవి తలుపులో విరిగింది. టార్చ్ వేసి చూస్తే కన్నంలో ఇత్తడి ముక్క గోరు మందాన మెరుస్తోంది, పట్టుకుని లాగడానికి చిటికెడు కూడా బయట లేదు. తాళాలు చేసే ఆయన సన్నటి రంపపు బ్లేడు ముక్క ఒకటి తీసి, పళ్లు తనవైపు ఉండేలా కన్నంలో చెవి అంచు పక్కనుంచి దూర్చి, కాస్త మెలితిప్పి నెమ్మదిగా లాగాడు. మూడోసారికి వచ్చింది. ఆ ముక్కని మొదటి చెవి పక్కన పెట్టి చూపించాడు. మొదటిదాని గాట్లు కొండల్లా నిలబడి ఉన్నాయి. దీనివి అరిగిన సబ్బుబిళ్ల అంచులా ఉన్నాయి. డూప్లికేట్‌కి డూప్లికేట్, దానికి మళ్లీ డూప్లికేట్ అట.

మన తలుపులకుండే తాళాల్లో చాలా, 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతివే. లోపల ఐదో ఆరో పిన్నుల జతలు, వాటి మీద స్ప్రింగులు. చెవి మీది ఒక్కో గాటు ఒక్కో పిన్నుని సరిగ్గా లేపాల్సినంతే లేపితే చెవి దూరే గొట్టం, అదే సిలిండర్, తిరుగుతుంది. ఒక లోతుకీ తర్వాతి లోతుకీ తేడా అర మిల్లీమీటరు అటూ ఇటూ. డూప్లికేట్ చేసే మెషీన్‌కి తెలివేమీ ఉండదు. ఒక పక్క మీ చెవి గాట్లను తడుముతూ పోతుంది, ఇంకో పక్క చక్రం ఖాళీ చెవి మీద అదే గీస్తుంది. మీ చెవి అరిగి ఉంటే ఆ అరుగుదలనీ శ్రద్ధగా గీస్తుంది. అలాంటిది తాళంలో బిగుసుకుంటుంది, మనం బలం పెడతాం, విరుగుతుంది.

ఆ రాత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. మూడో చెవి మంచిది చేయించి ఇచ్చి ఉంటే దానికయ్యేది అందులో ఏ మూలకో. అంతకంటే నన్ను కుదిపింది వేరే. నా ఇంటి తలుపు తీసే చెవులు ఎన్నున్నాయంటే నా దగ్గర జవాబు లేదు. అందుకే ఓనర్లకి నేను చెప్పేది, ఆ ఒక్కటీ మీ డబ్బుతో చేయించి ఇచ్చేయండని. ఖర్చు పెట్టినవాళ్లకి లెక్క అడిగే హక్కు ఉంటుంది. "మీ డబ్బు, నాకు చెప్పి చేయించండి" అనే మీ ఇంటాయన డబ్బు మిగలడం, లెక్క తెలియడం రెండూ తనకే కావాలంటున్నారు.

మీరు ఆయనతో ఇలా అనండి: "మూడోది మీరు చేయించండి, నాలుగోదానికి నేనిస్తాను. రెండూ మీ దగ్గరున్న అసలు చెవి మీదే ఒకేసారి చేయిద్దాం. మొత్తం ఎన్నయ్యాయో అగ్రిమెంట్ వెనక రాసి ఇద్దరం సంతకం పెడదాం." ఆయన దగ్గరున్నది వాడకుండా ఉన్నది కాబట్టి గాట్లు పదునుగా ఉంటాయి. చేయించిన చెవిని ముందు తలుపు తెరిచి ఉంచి తిప్పి చూడండి, ఆ తర్వాతే మూయండి. ఈ మాట నవ్వులాటకి అనడం లేదు. ఆయన అప్పటికీ వినకపోతే మూడోదీ మీరే పెట్టుకోండి. ఈ డబ్బు కోసం ఇల్లు మారతారా ఏమిటి? మీ ఆయనకి ఈ పేజీ చూపించి, సగం గెలిచారని చెప్పండి.

నకలు చేయరాదన్న అక్షరాల సంగతి. మామూలు చెవి మీద అవి వట్టి అక్షరాలే, చాలామంది చేసేస్తారు. కొన్ని కంపెనీల తాళాలకి మాత్రం ఖాళీ చెవులే బయట దొరకవు, ఓనరు పేరున ఇచ్చిన కార్డు చూపిస్తేనే చేసిస్తారు. మీది అలాంటిదైతే డబ్బు ఎవరు పెట్టినా చేయించే పని మీ ఇంటాయనదే.

ప్రశ్న: నేను అద్దెకిచ్చేటప్పుడు రెండు తాళంచెవులిచ్చాను. ఖాళీ చేస్తూ అతను ఐదు తిరిగిచ్చి, మిగతా మూడింటికీ చేయించిన డబ్బు ఇమ్మంటున్నాడు. నన్ను అడిగి చేయించాడా? (ఒక ఇంటి యజమాని)

జవాబు: ఇవ్వక్కర్లేదు. అడగకుండా చేయించుకున్నవి అతని సౌకర్యానికే. కానీ ఆ అబ్బాయి నిజాయితీకి దణ్ణం పెట్టండి. ఐదింటినీ తెచ్చి మీ చేతిలో పోశాడు, నా కుర్రాడు నాకు రెండే ఇచ్చి వెళ్లాడు.

ఇప్పుడు మీరు అడగాల్సింది ఆరోది ఉందా అని. అతన్ని అడిగి లాభం లేదు, అతనికీ గుర్తుండకపోవచ్చు. సిలిండర్ మార్చేయండి. తాళం మొత్తం పీకక్కర్లేదు, చాలా తాళాలకి చెవి దూరే ఆ గొట్టం ఒక్కటే ఊడొస్తుంది. లేదా తెలిసినవాళ్లు లోపల పిన్నులు మార్చి ఇస్తారు, పాత చెవులన్నీ ఒక్క దెబ్బకి పనికిరాకుండా పోతాయి. ఒకే రకం తాళాలున్న ఇళ్లు రెండు మూడు ఉంటే ఒక సిలిండర్ అదనంగా కొని ఉంచుకోండి. ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడు దానిది తీసి పెట్టి, దగ్గరున్నది బిగించండి. తర్వాత ఇంకో ఇల్లు ఖాళీ అయితే, తీసి పెట్టినది అక్కడికి. నేను చేసేది అదే, స్క్రూ ఒకటి విప్పితే పది నిమిషాల పని.

ఈ ఖర్చు ఓనరుదే, అందులో నాకు రెండో మాట లేదు. అమెరికాలోని టెక్సస్‌లో కొత్తవాళ్లు దిగిన ఏడో రోజులోగా ఓనరు తన ఖర్చుతో, పాత చెవి పనిచేయకుండా తాళం మార్పించాలని చట్టమే ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దిగేటప్పుడు అడిగితే చాలు, ఓనరే మార్పించాలి. మన దగ్గర అడిగేవాళ్లే తక్కువ. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి జేబులో మన ఇంటి చెవి ఉందేమోనన్న ఆలోచన ఎవరికీ రాదేమిటో!

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటుకి కార్డు. మూడో కార్డుకి డిపాజిట్ అడుగుతున్నారు. ఇవ్వాలా?

జవాబు: ఇల్లు వదిలేటప్పుడు తిరిగిచ్చేదైతే ఇవ్వండి, రసీదు తీసుకోండి. కార్డు పోతే ఆ ఒక్కదాన్నే సిస్టమ్‌లో ఆపేయొచ్చు, మిగతావి పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి కార్డు పోయింది, గేటు తాళం మొత్తం మార్చాలని బిల్లు వేస్తే మాత్రం గట్టిగా అడగండి.

ప్రశ్న: మేడమ్, మీరు అద్దెకిచ్చిన ఇంటి తాళంచెవి మీ దగ్గర ఒకటి ఉంచుకుంటారా? నిజం చెప్పండి.

జవాబు: ఉంచుకుంటాను. దిగిన రోజునే వాళ్ల ఎదురుగా కవరులో పెట్టి అంటించి, అతుకు మీద వాళ్ల చేత సంతకం పెట్టిస్తాను. కవరు చిరిగి ఉంటే నేను తెరిచినట్టే. తొమ్మిదేళ్లలో రెండుసార్లు తెరిచాను. ఒకసారి వాళ్లు ఊళ్లో లేనప్పుడు కుళాయి పైపు పగిలి నీళ్లు మెట్ల మీదకొచ్చాయి, ఫోన్ చేసి, వాళ్లు సరేనన్నాక చింపాను. రెండోసారి వాళ్లే అర్ధరాత్రి తలుపు దగ్గర నిలబడి ఫోన్ చేశారు, నలుగురూ నాలుగు చెవులూ లోపలే పెట్టి తలుపు లాగేసుకున్నారట.