బార్‌టెండర్ ఊరికే ఇచ్చిన పిడి ఎవరిది?

ప్రశ్న: లాయరు గారూ, పన్నెండేళ్లుగా అమెరికాలో, ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఉంటున్నాం. ఈ ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాం. పబ్బుల్లో బీరు కుళాయి మీద బిగించే ట్యాప్ హ్యాండిళ్లు, అంటే పిడులు, పోగేయడం నా సరదా. 73 అయ్యాయి. చాలావరకు పాత సామాన్ల సంతల్లో, ఆన్‌లైన్లో కొన్నవే. ఆరు మాత్రం ఒక బార్‌టెండర్ ఊరికే ఇచ్చాడు. ఒకటి అసలు జింక కొమ్ముతో చేసింది. వీటిని చూస్తే ఎయిర్‌పోర్టులో మద్యం కేసు పెడతారని మా ఆవిడ భయం. ఇంట్లో బీరు చేసుకునే సామాను, బీరు పీపా పెట్టే కెగ్ ఫ్రిజ్ కూడా తేవచ్చా? మూతపడ్డ యాంకర్ అనే బ్రూవరీ (బీరు తయారీ కంపెనీ) పిడికి రెజిన్ నకళ్లు పోయించి ఇక్కడి పబ్బులకు అమ్ముదామని మా బావమరిది అంటున్నాడు. కంపెనీయే లేనప్పుడు అడిగేదెవరు అంటాడు. నిజమేనా?

సమాధానం: ముందు మీ ఆవిడ భయం తీరుద్దాం. ఎక్సైజ్ చట్టం పట్టించుకునేది మద్యాన్ని, దాని తయారీని. చెక్కతోనో రెజిన్‌తోనో చేసిన పిడిలో చుక్క బీరుండదు. హాల్లో 73 పిడులు వరసగా నిలబెట్టుకున్నా మీ మీద కేసు ఉండదు.

కస్టమ్స్ సంగతి వేరు. కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 77 ప్రకారం మీ సామానులో ఏముందో చెప్పాల్సింది మీరే. 73 పిడులూ వేర్వేరు రకాలైతే అది సరదా అని చూడగానే తెలుస్తుంది. ఒకే రకానివి నలభై ఉంటే వ్యాపార సరుకు అనుకుంటారు, వాళ్లనీ తప్పు పట్టలేం. ఒక్కోదానికి ఫొటో, కొన్న ధర, రసీదు ఉంటే రసీదు కలిపి జాబితా రాసి పెట్టుకోండి. డ్యూటీ మినహాయింపు పరిమితులు మారుతుంటాయి కాబట్టి, మీరు దిగే రోజు అమల్లో ఉన్న బ్యాగేజీ నిబంధనలే మీకు వర్తిస్తాయి. ఇల్లు మార్చుకుని శాశ్వతంగా వస్తున్నవాళ్లకు విడిగా వెసులుబాట్లున్నాయి, అవి అడగడం మర్చిపోవద్దు.

ఇక ఆ ఆరు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇవే.

అమెరికాలో 1933లో మద్య నిషేధం ఎత్తేశాక, ఒక పేరు చెప్పి ఇంకో బీరు పోయకుండా కుళాయి మీద బ్రాండు కనబడాలన్న నిబంధనలు వచ్చాయి. అంతకుముందు ఉన్నవి ఉత్త గుండ్రటి బుడిపెలే. పేరు తప్పనిసరి కావడంతో బ్రూవరీలు దాన్నే ప్రచారానికి వాడుకున్నాయి. పిడులు చేయించి పబ్బులకు పంపేది బ్రూవరీ, లేదా దాని డిస్ట్రిబ్యూటరు. అంటే పిడి పబ్బుదైనా కావచ్చు, వాడకానికని ఇచ్చిన బ్రూవరీదైనా కావచ్చు. బార్‌టెండర్ది మాత్రం కాదు. అతను జీతగాడు.

ఒకదాన్ని తిరగేసి అడుగు చూడండి. మధ్యలో లోహపు మర ఉంటుంది, 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. అమెరికా కుళాయిలకు దాదాపు అన్నిటికీ అదే కొలత. చేత్తో నాలుగు తిప్పులు తిప్పితే ఊడి జేబులో పడుతుంది. ఈ పిడులు అంత తేలిగ్గా మాయం కావడానికి కారణం ఆ మరే. దాని పక్కన ‘ఫలానా బ్రూవరీ ఆస్తి’ అని ముద్ర ఉంటే మీకు తెలియదని చెప్పడం కష్టం.

తనది కానిదాని మీద ఎవరూ ఇంకొకరికి హక్కు ఇవ్వలేరు. మన సరుకుల విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 27 చెప్పేది ఇదే. మీకు ఇచ్చింది ఒరెగాన్‌లో కాబట్టి వర్తించేది అక్కడి చట్టం, కానీ మూలసూత్రం అక్కడా ఇదే. దొంగ సొత్తని తెలిసి, లేదా తెలియాల్సిన పరిస్థితిలో, దురుద్దేశంతో తీసుకుంటేనో, అట్టిపెట్టుకుంటేనో మాత్రమే నేరం. మన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317లో ఉన్నదీ అంతే. బీరు మారినప్పుడు పాత పిడి పారేయబోతుంటే ఇచ్చాడంటే మీది నేరం కాదు. అయినా ఆ పబ్ యజమానికి ‘ఈ ఆరూ మీ అనుమతితోనే నాకు వచ్చాయా?’ అని ఒక మెయిల్ పెట్టండి. ‘అవును’ అని జవాబొస్తే జాబితాతో దాచండి. ‘కాదు’ అంటే తిరిగిచ్చేయండి.

జింక కొమ్ముది అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. అడవి జంతువుల భాగాల దిగుమతి మీద మన దగ్గర ఆంక్షలు గట్టివి. ఒక్క పిడి కోసం మిగతా 72 కూడా కస్టమ్స్‌లో ఇరుక్కుపోతాయి.

మీ బావమరిదికి చెప్పండి: బ్రూవరీ మూతపడితే బ్రాండు చచ్చిపోదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1896 నుంచి ఉన్న యాంకర్‌ను 2017లో జపాన్ బీరు కంపెనీ సపోరో కొంది. 2023 జూలైలో మూసేస్తున్నామని ప్రకటించారు. చోబానీ పెరుగు కంపెనీ పెట్టిన హమ్దీ ఉలుకాయా 2024లో దాన్ని కొన్నారు. అడిగేవాడు ఉన్నాడు. ట్రేడ్‌మార్కు దేశానికి పరిమితం, ఇక్కడ పేరున్నట్టు రుజువు చేసుకోవాలి అని 2017లో టయోటా కారు పేరు ‘ప్రియస్’ మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీ బావమరిది ఎక్కడైనా విని ఉంటే, అదీ పూర్తి రక్షణ కాదు. పిడి మీది బొమ్మకు కాపీరైటు విడిగా ఉంటుంది, కాపీరైటు మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం వల్ల అమెరికా బొమ్మకు ఇక్కడా రక్షణ ఉంది. పైగా యాంకర్ పిడి బిగించి ఇంకో బీరు పోస్తే అది కొనేవాణ్ని మోసం చేయడమే. మీ దగ్గరున్న అసలు పిడిని మీరు అమ్ముకోవచ్చు, నకలు పోయించకూడదు.

చివరిగా ఆ సామాను. అమెరికాలో 1978 నాటి చట్టంతో ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. తెలంగాణలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ తాటిచెట్టు గీసే మనిషికే లైసెన్సు కావాలి. మద్యం తయారీకని పాత్రలు, పరికరాలు ఉంచుకోవడం కూడా ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34లో నేరమే. కెగ్ ఫ్రిజ్ అక్కడి 120 వోల్టులది, ఇక్కడి 230లో పెడితే ఎక్సైజ్ వాళ్లకంటే ముందే మోటారు పోతుంది. కాచే గిన్నె, పులియబెట్టే డబ్బా, ఫ్రిజ్ మూడూ పోర్ట్‌లాండ్‌లోనే అమ్మేసి రండి.