రకాలు డెబ్బై, చేతిలో రొక్కం సున్నా

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఆరేళ్లుగా పచ్చళ్లు, పొడుల దుకాణం నడుపుతున్నాను. 14 రకాలతో మొదలుపెట్టి 70కి చేరాం. అమ్మకాలు పెరిగినా నెలాఖరుకు డబ్బు మిగలడం లేదు. చిరుధాన్యాల మిఠాయిలు కూడా పెట్టడానికి, తెలిసినవారి దగ్గర నూటికి రెండున్నర వడ్డీకి 8 లక్షలు తీసుకోవాలనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు, దుకాణం అద్దె, జీతాలు 80 వేలు. సరుకు 11 లక్షలది ఉంది. పొదుపు లేదు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

జవాబు: ఆ అప్పు తీసుకోకండి. నూటికి రెండున్నర అంటే ఏడాదికి 30 శాతం. అసలు పైసా తగ్గకుండానే నెలనెలా 20 వేలు వడ్డీ కట్టాలి. మిఠాయిలు అమ్ముడుపోతాయో లేదో తెలియకముందే వాయిదా వచ్చి కూర్చుంటుంది.

వ్యాపారం పెరగడమంటే రకాలు పెంచడమే అనుకునేవారు చాలామంది. అందుకే మీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. 70 రకాలు, ఒక్కోటి పావుకిలో, అరకిలో, కిలో సీసాల్లో అంటే 210 సరుకులు, 210 లేబుళ్లు. ఆవకాయకు ఏడాదికి సరిపడా కాయ, కారం, నూనె వేసవిలోనే కొనాలి కాబట్టి అక్కడ డబ్బు ఇరుక్కోవడం తప్పదు. కానీ మూడు నెలలుగా కదలని పొడిని, అందరి దగ్గరా ఉంది కదా అని మళ్లీ కొట్టించడం దేనికి? బిల్లులు ముందు పెట్టుకుని, మూడు నెలల్లో పది సీసాలు కూడా పోని ప్రతి రకాన్నీ ఆపేయండి. ఉన్నది తగ్గించి అమ్మేయండి. కిలో సీసా ఒక్క ఆవకాయకు, గోంగూరకు చాలు.

అలా వచ్చిన డబ్బుతో కొత్త సరుకు కొనకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 3.3 లక్షలు, మూడు నెలల అద్దె, జీతాలు 2.4 లక్షలు, మొత్తం 5.7 లక్షలు అత్యవసర నిధిగా చేరాలి. దాన్ని దుకాణం ఖాతాలో ఉంచితే నెల తిరగకుండా మిరపకాయల బస్తాలవుతుంది. మీ భార్యతో ఉమ్మడిగా వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. వారం వారం గల్లా లెక్క చూడగానే కొంత అందులో వేయండి. పండుగ గిరాకీ వచ్చినా దాన్ని ముట్టుకోవద్దు. మీరు పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంటే అద్దె, జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? దీనికి జవాబు దొరికేదాకా మిఠాయిల మాట ఎత్తకండి.

మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా, అంటే టర్మ్ పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి, అప్పులవాళ్లు ఆ సొమ్ము జోలికి రాలేరు. కుటుంబానికి ఆరోగ్య బీమా కూడా ఈ నెలలోనే. నిధి నిండాక పెట్టుబడి కావాలంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్రా రుణానికి బ్యాంకును అడగండి.