ఎనిమిది మంది ఫార్వర్డ్‌లున్నా చివరి క్వార్టర్‌లో గోల్ రాకపోవడం గురించి

మహబూబ్‌నగర్‌లోని మీ కళాశాల హాకీ జట్టులో ఎనిమిది మంది ఫార్వర్డ్‌లున్నా చివరి క్వార్టర్‌లో గోల్ పడటం లేదంటే, లోపం బహుశా సంఖ్యలో లేదు. అందరినీ అలసట లేనప్పుడే పరీక్షిస్తున్నారు.

1. సాధన మ్యాచ్‌ను 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లూ ఆడించి, బంతిని సర్కిల్‌లోకి (గోల్ ముందు గీసిన అర్ధవలయంలోకి) ఎవరు ఎన్నిసార్లు తెచ్చారో క్వార్టర్ల వారీగా రాసుకోండి.

2. చాలామంది మరిచేది ఇదే. మిగతా సమయంలో ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చవచ్చు గానీ, పెనాల్టీ కార్నర్ (ఎదుటి జట్టు తప్పుకు, వెనుక గీత నుంచి బంతి నెట్టి గోల్ కొట్టేందుకు దొరికే అవకాశం) ఇచ్చినప్పటి నుంచి అది ముగిసేవరకు దాడిచేసే జట్టు ఎవరినీ మార్చకూడదు. ఆ బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు అప్పుడే నీళ్ల సీసా పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే, ఆ కార్నర్ దాదాపు వృథాయే. అందువల్ల కలిసి దిగే ప్రతి బృందంలోనూ ఫ్లిక్ కొట్టేవాడొకడు, వెనుక గీత నుంచి బంతి నెట్టేవాడొకడు ఉండేలా విభజించండి.

3. మట్టి మైదానంలో బంతి ఎగిరిపడుతుంది. పోటీ టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీదైతే, సర్కిల్‌లోకి బంతి తెచ్చిన లెక్కను అక్కడ మళ్లీ వేయండి.